ఆగకుండా నడిస్తే ఏమవుతుంది? పెంపుడు బల్లులకు, పాములకు, తాబేళ్లకు హీటర్ ఎంచుకోవడం

మా అమ్మాయి పెంచుకునే లెపర్డ్ గెకో అనే బల్లి పేరు బెల్లం. రంగు చూసి పెట్టిన పేరు. డాలస్ శివార్లలోని మా ఇంట్లో దానికో మూడడుగుల గాజు పెట్టె ఉంది. మా అమ్మ నర్సరావుపేట నుంచి మొదటిసారి వచ్చినప్పుడు ఆ పెట్టె ముందు నిలబడి చాలాసేపు చూసి, "మనింట్లో చీపురుతో తోలేవాటిని ఇక్కడ డాలర్లు పోసి కొనుక్కుంటున్నారా?" అంది. మీద పడితే పంచాంగంలో బల్లిపాటు చూసుకోవాలా అని కూడా అడిగింది. వారం తిరిగేసరికి, దానికి పురుగులు వేశావా లేదా అని పొద్దున్నే మనవరాలిని నిలదీసేది ఆవిడే.

ఇది రాయడానికి కారణం పోయిన చలికాలంలో జరిగిన సంగతి. ఓ శనివారం మా అమ్మాయి పెట్టె కడిగి, లోపలి పలక తుడిచి, అన్నీ మళ్లీ సర్దింది. హీటర్ని ఆపుతూ నడుపుతూ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ ప్రోబ్‌ని, అంటే వేడి కొలిచే ఆ తీగ కొసని, తిరిగి పలక దగ్గర పెట్టడం మర్చిపోయి బల్ల మీదే వదిలేసింది. బల్ల మీద 20 డిగ్రీలు. థర్మోస్టాట్ తన పని తాను చేసింది: ఇంకా చల్లగానే ఉందనుకుని, కింద ఉన్న హీట్ మ్యాట్‌ని ఆపకుండా నడిపింది. రాత్రి భోజనాలయ్యాక చెయ్యి పెడితే పలక చురుక్కుమంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గురిపెట్టి చూస్తే 49 డిగ్రీలు, ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో 120. ఉండాల్సింది 32. బెల్లం చల్లటి మూలకి పోయి నీళ్ల గిన్నె పక్కన నక్కింది కాబట్టి బతికిపోయింది.

వస్తువుల్లో ఏ లోపమూ లేదు. మ్యాట్ బాగానే ఉంది, థర్మోస్టాట్ బాగానే ఉంది. అయినా అంత పనైంది. అప్పటినుంచి ఏ హీటర్ గురించి ఎవరడిగినా నేను ముందు ఒక్కటే అడుగుతున్నాను: ఇది ఆగాల్సినప్పుడు ఆగకుండా, ఫుల్ పవర్ మీద రాత్రంతా నడిస్తే తెల్లారేసరికి ఏం మిగులుతుంది? ధర, వాటేజీ, రివ్యూలు ఆ తర్వాత.

ఎంత వేడి కావాలి

సరీసృపాలు ఒంట్లో తగినంత వేడి పుట్టించుకోలేవు, బయట నుంచి తీసుకోవాలి. అందుకే పెట్టె మొత్తం ఒకే వేడి ఉండకూడదు. ఒక కొస వెచ్చగా, రెండో కొస చల్లగా ఉంటే అదే అటూ ఇటూ తిరిగి సర్దుకుంటుంది. వెచ్చటి చోట లెపర్డ్ గెకోకి నేల 31 నుంచి 33 డిగ్రీలు చాలు. బాల్ పైథాన్ అనే పాముకీ ఇంచుమించు అంతే. ఆస్ట్రేలియా ఎడారి బల్లి బియర్డెడ్ డ్రాగన్‌కి మాత్రం ఎండ కాచుకునే చోట 38 నుంచి 42 కావాలి. చల్లటి వైపు అన్నిటికీ 24 నుంచి 27 మధ్య ఉంటే బాగుంటుంది.

"ఎక్కువ కాలితే అదే పక్కకి జరుగుతుంది కదా" అని చాలామంది అంటారు. జరగకపోవచ్చు. పొట్ట కింద చర్మం కమిలిపోతున్నా అదే రాయి మీద, అదే మ్యాట్ మీద కదలకుండా పడుకునే జంతువులు పశువైద్యుల దగ్గరికి వస్తూనే ఉంటాయి. పాముల్లో పొట్ట పొలుసులు ముందు ఎర్రబడి, తర్వాత పొక్కి, ఊడిపోతాయి. మానడానికి నెలలు పడుతుంది. దాని తెలివిని నమ్ముకుని హీటర్ ఎంచుకోకండి.

హీట్ రాక్

లోపల కాయిల్ పెట్టి రాయిలా పోతపోసిన వస్తువు. ఒకచోట గోరువెచ్చగా, రెండంగుళాల అవతల సలసలా కాలుతూ ఉంటుంది. జంతువు నేరుగా దాని మీదే పడుకుంటుంది. ఎవరైనా ఉచితంగా ఇచ్చినా వద్దనండి.

హీట్ మ్యాట్

పెట్టె అడుగున బయటి వైపు పెట్టే పల్చటి రేకు. చిన్నవి 4 వాట్ల నుంచి మొదలై 24 వాట్ల దాకా ఉంటాయి. కరెంటు పెద్దగా తినదు, వెలుగు రాదు, 25 డాలర్లలో పనైపోతుంది. అందుకే కొత్తవాళ్లంతా దీంతోనే మొదలుపెడతారు. మేమూ అంతే.

వాట్లు తక్కువ కదా, ఏమవుతుందిలే అనిపిస్తుంది. సమస్య వాట్లలో లేదు, ఆ వేడి బయటికి పోయే దారిలో ఉంది. మ్యాట్ మీద నాలుగంగుళాల మట్టి పోస్తే అది రగ్గు కప్పినట్టే. పైన చెయ్యి పెడితే వెచ్చగా కూడా ఉండదు, కింద గాజు మాత్రం మండిపోతుంటుంది. గెకోకి తవ్వే అలవాటుంది. తవ్వి తవ్వి సరిగ్గా ఆ గాజు మీదికే చేరుతుంది. పెట్టెని నేరుగా చెక్క బల్ల మీద ఆనించినా అంతే, కింద గాలి ఆడదు. మ్యాట్‌తో పాటు డబ్బాలో వచ్చే నాలుగు రబ్బరు బొడిపెల్ని మనవాళ్లు చూడకుండా పారేస్తుంటారు. పెట్టెని కాస్త ఎత్తి గాలి ఆడనివ్వడానికే అవి ఇచ్చారు. తివాచీ మీద, పరుపు పక్కన పెట్టడం గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

మ్యాట్ పెట్టె అడుగులో మూడో వంతుకి మించకూడదు. లోపల పెట్టకూడదు. జిగురుతో అతికించేది ఒకసారి పీకితే లోపలి తీగలు నలుగుతాయి, దాన్ని మళ్లీ వాడకూడదు. ఇది గాలిని వేడి చెయ్యదని కూడా గుర్తుంచుకోండి. 18 డిగ్రీల గదిలో పైథాన్ పెట్టెకి మ్యాట్ ఒక్కటే పెడితే పొట్ట కాలుతుంది, ఊపిరి చల్లగా ఉంటుంది. ఎండ పైనుంచి కాచుకునే బియర్డెడ్ డ్రాగన్‌కి అసలు పనికిరాదు.

మరి నా ప్రశ్నకి జవాబు? ఆగకుండా నడిస్తే ఇల్లు తగలబడే అవకాశం తక్కువ, జంతువు కాలే అవకాశం ఎక్కువ. థర్మోస్టాట్ లేకుండా మ్యాట్ కొనడమంటే బ్రేకుల్లేని సైకిల్ కొన్నట్టే.

హాలోజన్ బల్బు

నా ఓటు దీనికే. పగటి వేడి పైనుంచి రావాలి, వెలుతురుతో కలిసి రావాలి, ప్రకృతిలో ఉండేది అదే. ఎండలో ఉన్నట్టే హాలోజన్‌లోనూ 700 నుంచి 1400 నానోమీటర్ల మధ్య ఇన్‌ఫ్రారెడ్ పుష్కలంగా ఉంటుంది. అది చర్మం దగ్గరే ఆగిపోకుండా కండరాల దాకా దిగుతుంది. చలికాలం పొద్దున ఎండలో వీపు పెట్టి కూర్చుంటే ఒళ్లంతా ఎలా వెచ్చబడుతుందో అలాగన్నమాట.

భద్రత దగ్గర దీనికో మంచి గుణముంది. హాలోజన్ చెడిపోవడమంటే ఫిలమెంట్ తెగడమే, అంటే చల్లబడటమే. పైగా ఆరిపోయిందని ఎదురుగా కనబడుతుంది. మ్యాట్ గానీ, వెలుగు లేని సెరామిక్ హీటర్ గానీ చచ్చిపోతే రెండు రోజుల దాకా ఎవరికీ తెలియకపోవచ్చు.

ప్రమాదమంతా అది ఎక్కడ వేలాడుతోందనే దాంట్లో ఉంటుంది. పెంపుడు సరీసృపాల దీపాల వల్ల ఇళ్లు అంటుకున్నాయంటే చాలాసార్లు కథ ఒకటే: క్లిప్పుతో బిగించిన దీపం ఊడింది, కింద పరుపో తెరో ఉంది. క్లిప్పు స్ప్రింగు వేడికి మెల్లగా పట్టు వదులుతుంది. పిల్లి దూకుతుంది. పిల్లాడి చెయ్యి తగులుతుంది. అందుకని క్లిప్పుని నమ్మకుండా, దీపాన్ని స్టాండుకి వేలాడదీసి, రెండో ఆధారంగా ఒక సన్నటి గొలుసు వెయ్యండి. గొలుసు పైకి కట్టాలి, కొక్కెం ఊడినా దీపం గాల్లోనే ఆగాలి. మేము రెండు డాలర్ల గొలుసు వేశాం. పక్కింటివాళ్ల పిల్లి దాని బలం ఇప్పటికే ఒకసారి చూసింది.

వాటేజీ విషయంలో కొట్లో అబ్బాయి మాట వినకండి, పెద్దది కొని తగ్గించుకోమంటాడు. నేను చేసే పరీక్ష ఇది: జంతువుని బయటికి తీసి వేరే డబ్బాలో పెట్టండి. థర్మోస్టాట్‌ని పక్కన పెట్టి బల్బుని నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి, మూడు గంటలు వదిలి, పలక మీద వేడి కొలవండి. గెకోకైతే 36 దాటకూడదు, డ్రాగన్‌కైతే 45 దాటకూడదు. దాటితే బల్బు పైకి జరపాలి, లేదా వాట్లు తగ్గించాలి. అలా ఎంచుకుంటే రేపు థర్మోస్టాట్ మొరాయించినా జంతువు ఇబ్బంది పడుతుందేగానీ చావదు. గెకోకి మా ఇంట్లో 50 వాట్లు సరిపోయింది, డ్రాగన్లకి 75 నుంచి 100 వాడుతుంటారు. 75 వాట్ల బల్బు రోజుకి 12 గంటలు వెలిగితే నెలకి 27 యూనిట్లు.

రాత్రి ఆపేయండి. గది 18 డిగ్రీలకి తగ్గనంతవరకు ఆరోగ్యంగా ఉన్న గెకోకీ, డ్రాగన్‌కీ రాత్రి వేడి అక్కర్లేదు. ఎర్ర బల్బులు, నీలం బల్బులు "రాత్రికోసం" అని అమ్ముతారు. ఆ వెలుతురు వాటికి కనబడుతుంది, నిద్ర చెడుతుంది. అమెరికాలో 2023 ఆగస్టు నుంచి ఇంటి దీపాలుగా అమ్మే పాతరకం బల్బుల మీద ఆంక్షలు వచ్చాక హార్డ్‌వేర్ కొట్లలో హాలోజన్లు తగ్గిపోయాయి, పెంపుడు జంతువుల కొట్లలో మాత్రం దొరుకుతున్నాయి. ఇంట్లో చిలకలుంటే, పగలకుండా టెఫ్లాన్ పూత వేసిన బల్బులు కొనకండి. వేడెక్కిన ఆ పూత పొగ పక్షుల్ని చంపేస్తుంది.

సెరామిక్ హీట్ ఎమిటర్

బల్బు హోల్డర్లో బిగించే పింగాణీ ముద్ద. వేడి తప్ప వెలుతురు లేదు. రాత్రి కూడా గాలి వెచ్చగా ఉండాల్సిన పైథాన్లకి, బాగా చల్లటి ఇళ్లకి ఇది పనికొస్తుంది. దాని వేడి కండరం దాకా దిగదు, పైచర్మాన్నీ గాలినీ వేడి చేస్తుందంతే.

నాకు వీటన్నిట్లోకీ భయం దీనంటేనే. ఉపరితలం 200 డిగ్రీలు దాటుతుంది, అయినా చీకట్లో ఏ గుర్తూ ఉండదు. ఆపిన పావుగంటకి కూడా వేళ్లు కాలుతాయి. మామూలు ప్లాస్టిక్ హోల్డర్ దీని కింద మెత్తబడి వంగిపోతుంది. తప్పనిసరిగా పింగాణీ హోల్డరే ఉండాలి, దాని మీద రాసిన గరిష్ఠ వాటేజీ ఎమిటర్ కంటే ఎక్కువ ఉండాలి. ప్లాస్టిక్ జాలీ మూత మీద పెడితే మూత కరుగుతుంది. పెట్టె లోపల బిగిస్తే చుట్టూ జాలీ గూడు తప్పదు, ఆ గూడుకీ ఎమిటర్‌కీ మధ్య బాగా ఖాళీ ఉండాలి. పాము వేడి దేని మీదున్నా చుట్టుకుంటుంది. ఆగకుండా నడిస్తే 100 వాట్ల సెరామిక్ చిన్న పెట్టెని పొయ్యి చేసేస్తుంది.

పెద్ద పెట్టెల్లో దీనికి బదులు పైకప్పుకి బిగించే రేడియంట్ హీట్ ప్యానెల్ మేలు. వెడల్పుగా పరుచుకున్న వేడి కాబట్టి ఏ ఒక్క చోటా సెరామిక్ అంత మండదు. ధర మూడింతలు ఉంటుంది, ఏళ్ల తరబడి వస్తుంది. డీప్ హీట్ ప్రొజెక్టర్ అనేది సెరామిక్‌కీ హాలోజన్‌కీ మధ్య రకం: వెలుతురు దాదాపు లేదు, వేడి కాస్త లోతుకి దిగుతుంది. మెర్క్యురీ వేపర్ బల్బు వేడి, యూవీబీ (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు) రెండూ ఇస్తుంది గానీ థర్మోస్టాట్‌తో తగ్గించడానికి ఒప్పుకోదు. ఆ ఒక్క కారణంతో నేను వదిలేశాను. యూవీబీకి విడిగా ట్యూబు పెట్టుకోవచ్చు.

థర్మోస్టాట్లలోనూ తేడాలున్నాయి

ఆన్-ఆఫ్ రకం 20 నుంచి 40 డాలర్లలో వస్తుంది. మ్యాట్‌కి చాలు. హాలోజన్‌కి పెడితే బల్బు డిస్కో లైటులా వెలిగి ఆరుతూ తొందరగా పోతుంది, దానికి వెలుతురుని మెల్లగా తగ్గించి పెంచే డిమ్మింగ్ రకం కావాలి. సెరామిక్‌కి, ప్యానెల్‌కి కరెంటుని చిన్న చిన్న విడతలుగా పంపే పల్స్ రకం బాగుంటుంది. మంచి డిమ్మింగ్, పల్స్ పెట్టెలు 100 డాలర్లు దాటుతాయి. చేత్తో తిప్పే రెగ్యులేటర్ థర్మోస్టాట్ కాదు. మధ్యాహ్నం గది వేడెక్కిందని దానికి తెలియదు.

చవక రకాల్లో లోపల రిలే అనే స్విచ్ ఉంటుంది. వేలసార్లు కొట్టుకుని కొట్టుకుని, ఒక్కోసారి అంటుకుపోతుంది. అంటుకుపోతే హీటర్ ఇక ఆగదు. డిమ్మింగ్ రకాల్లోని ఎలక్ట్రానిక్ స్విచ్‌లు కూడా చాలాసార్లు ఫుల్ పవర్ వైపే చెడిపోతాయి. కాబట్టి నిజంగా నిశ్చింత కావాలంటే రెండు పెట్టుకోండి. గోడ ప్లగ్గులో ముందు ఒక చవక ఆన్-ఆఫ్ థర్మోస్టాట్, దాన్ని కావాల్సిన వేడి కంటే నాలుగు డిగ్రీలు ఎక్కువకి పెట్టాలి. దానికి అసలు థర్మోస్టాట్, దానికి హీటర్. రెండు ప్రోబ్‌లూ వేర్వేరుగా బిగించాలి. మొదటిది రోజూ ఖాళీగా కూర్చుంటుంది, రెండోది చెడిన రోజు మాత్రమే లేచి ఆపుతుంది. మా ఇంట్లో ఆ శనివారం తర్వాత వచ్చిన 25 డాలర్ల ఖర్చు ఇదే.

ప్రోబ్‌ని టేపుతో అతికించకండి. టేపు వేడికి ఊడుతుంది, ఊడిన టేపుకి బల్లి అంటుకుంటుంది. మేము పలక అడుగున సన్నటి గాడి చేయించి, ప్రోబ్ అందులో దూర్చి, బయట తీగకి జిప్ టై వేశాం. ఇప్పుడు ప్రోబ్ కదలకుండా పలక బయటికి రాదు, పలక కడగాలంటే ముందు హీటర్ ప్లగ్గు పీకాల్సిందే. పెట్టె మీద అంటించే గుండ్రటి ముల్లు థర్మామీటర్లు నాలుగైదు డిగ్రీలు తప్పు చూపించడం మామూలే. 20 డాలర్ల ఇన్‌ఫ్రారెడ్ గన్ కొనుక్కోండి.

కొనేటప్పుడు అమెరికాలో యూఎల్ లేదా ఈటీఎల్ ముద్ర చూడండి. అవి ప్రయోగశాలలో పరీక్ష చేసి ఇచ్చేవి. సీఈ అన్న అక్షరాలు చాలా వస్తువుల మీద తయారీదారు తనంతట తాను వేసుకునేవే.

తాబేలు నీళ్లలో హీటర్

రెడ్ ఇయర్డ్ స్లైడర్ అనే నీటి తాబేలుకి నీళ్లు 24 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. చేపల తొట్టి కోసం చేసిన గాజు హీటర్ని తాబేలు డిప్పతో బాదుతుంది. ప్లాస్టిక్ తొడుగున్నది గానీ టైటానియంది గానీ తీసుకుని, చుట్టూ గార్డు వెయ్యండి. నీళ్లు మార్చేముందు ప్లగ్గు పీకి పావుగంట ఆగండి. వేడిగా ఉన్న గాజు గొట్టం గాల్లోకి తేలితే పగులుతుంది. పగిలిన హీటర్ ఉన్న నీళ్లలో చెయ్యి పెట్టడమంటే తెలిసిందే కదా. అమెరికాలో జీఎఫ్‌సీఐ ప్లగ్గులోనే పెట్టండి, 5 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే అది తెగ్గొట్టేస్తుంది. మన ఊళ్లలో అయితే బోర్డులో అదే పని చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూసుకోవాలి. తీగ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉంచితే, జారిన నీటిచుక్క కిందే రాలిపోతుంది, ప్లగ్గులోకి పోదు.

ఊరికి తీసుకెళ్లేవాళ్లకి

సూట్‌కేసులో హీటర్లు సర్దుకునేవాళ్లకి ఒక మాట. 120 వోల్టుల సెరామిక్ ఎమిటర్‌ని హైదరాబాద్‌లో 230 వోల్టుల ప్లగ్గులో పెడితే 100 వాట్లది 360 పైచిలుకు వాట్లు లాగుతుంది. ప్లగ్గు పిన్నులు మార్చే అడాప్టర్ వోల్టేజీ మార్చదు. అటునుంచి ఇటు తెస్తే పావు వంతు వేడే వస్తుంది, ప్రమాదం లేదుగానీ ప్రయోజనమూ లేదు. మన ఇళ్లలోని పిన్ హోల్డర్లకి ఈ స్క్రూ బల్బులు పట్టవు. మధ్యలో ప్లాస్టిక్ కన్వర్టర్ పెట్టే బదులు పింగాణీ స్క్రూ హోల్డర్ వేయించుకోండి.

అసలు విజయవాడలోనో రాజమండ్రిలోనో ఏడాదిలో ఎక్కువ భాగం హీటర్ అక్కర్లేదు, మేలో పెట్టెని చల్లగా ఉంచడమే కష్టం. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రుల్లో, ఏసీ గదుల్లో అవసరపడుతుంది. ఒకటి మాత్రం తెలుసుకోండి: నక్షత్ర తాబేలు, ఉడుము లాంటి మన జీవుల్ని ఇంట్లో పెంచడం నేరం. నక్షత్ర తాబేలు 2022 సవరణతో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లోకి చేరింది.

కరెంటు పోతే

2021 ఫిబ్రవరిలో టెక్సస్ మంచు తుపానుకి లక్షల ఇళ్లు చీకటైనప్పుడు మా వీధిలో ఒక బియర్డెడ్ డ్రాగన్ రెండు రోజులు థర్మోకోల్ డబ్బాలో గడిపింది. వేడినీళ్ల సీసాలు తువ్వాలులో చుట్టి పక్కన పెట్టారు, గంటకోసారి మార్చారు. మేత పెట్టలేదు, చలికి అరగదు కాబట్టి. డబ్బాకి చిల్లులుంచారు. చేతులు వెచ్చబెట్టుకునే రసాయనం పొట్లాలు వాడేవాళ్లకి అది ఇంకా ముఖ్యం, అవి పనిచేసేది గాల్లో ఆక్సిజన్‌ని లాక్కునే. కుంపటి, గ్రిల్, జనరేటర్ ఇంట్లో పెట్టకండి. ఆ వారం కార్బన్ మోనాక్సైడ్‌కి మనుషులే పోయారు.

చికాగోలో ఎంఎస్ చేస్తున్న మా పిన్ని కొడుకు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, బాల్ పైథాన్ కొంటున్నా, మ్యాట్ ఏది మంచిది?" అని. గది చలికాలంలో 19 డిగ్రీలట. మ్యాట్ వద్దన్నాను. నాలుగడుగుల పీవీసీ పెట్టె, 80 వాట్ల రేడియంట్ ప్యానెల్, పల్స్ థర్మోస్టాట్, వెనక ఒక చవక ఆన్-ఆఫ్, ఒక ఇన్‌ఫ్రారెడ్ గన్, ఆ గదిలో పనిచేసే స్మోక్ అలారం. డబ్బు సరిపోకపోతే పెట్టె చిన్నది తీసుకో, థర్మోస్టాట్ మాత్రం తగ్గించకు అన్నాను. ముందు అద్దె కాగితాల్లో పాములకి ఒప్పుకున్నారో లేదో చదవమన్నాను, చదవలేదట. అన్నీ బిగించాక ఖాళీ పెట్టెని మూడు రోజులు నడిపి, పొద్దున, సాయంత్రం, అర్ధరాత్రి వేడి రాసి పంపమన్నాను. ఇప్పటికి రెండు రోజుల లెక్కలు వచ్చాయి. రెండో రోజు అర్ధరాత్రి 37 చూపించింది, ప్రోబ్ ఎక్కడ పెట్టావో ఫోటో పెట్టమన్నాను.